సీరీస్ బల్బు

పైన అద్దెకున్న లెక్కల సారు
బదిలీ అయి పోతూ పోతూ
రెండు నెలల కిరాయికి బదులు
నీలం టబ్బొకటి దించిపోయిండు.
అండ్ల నా చెయ్యంత తాబేలు,
చెవుల కాడ ఎర్ర గీత.

దేవరకొండల మోటర్ల వైండింగు నాది.
నీళ్ళల్ల మునిగి బతికేదాన్ని
సబ్‌మెర్సిబుల్ అని పిలిస్తే
పిల్లలు దాన్ని సబ్బు చేసిండ్రు.

ఎండకాలం నాకు గిరాకీ.
వోల్టేజీ పడిపోయి బోర్లు కాలుతయి.
చింతపల్లి నుంచి, డిండి నుంచి
ఆటోలల్ల పండవెట్టుకొని తెస్తరు.
కాలిన వార్నీషు వాసనల
రైతులు గడప మీద కూసుంటరు,
"ఇయ్యాల్నే ఇయ్యాలె మేస్త్రీ."
దానికీ అప్పుడే ఆకలి.
తోటకూర కాడ, ఎండు రొయ్య,
ఏదేసినా మెడ సాచి గుంజుకుంటది.
టబ్బు చుట్టూ వేలు తిప్పితే
వేలెంట తిరుగుతది.
రోహిణి ఎండకు నీళ్ళు కాగుతయని
పూటపూటకు మారుస్తది శంకరమ్మ.
బోరు నీళ్ళు కాదు, కృష్ణ నీళ్ళు.
మా పండ్ల మీది గార
దాని డిప్పకెక్కొద్దని.

కార్తీకం దాటి చలి దిగంగనే
నా కొట్టుల ఈగలు.
సబ్బు తినుడు బంజేసింది.
ఇయ్యాల వేసిన రొయ్య
రేపు ఉబ్బి నీళ్ళ మీద తేలుతది.
పుష్యంల ఒక తెల్లారి
టబ్బు అడుగున రాయి.
కండ్లు మూసి, కాళ్ళు లోపలికి గుంజుకొని.
పక్క టైర్ల షాపు లతీఫ్ తొంగి చూసి
"ఖతమైంది భాయ్, ఎనక గుంత తవ్వు" అన్నడు.
పార గూడ తనే తెచ్చిండు.

నా చెయ్యి అలవాటు చొప్పున
సీరీస్ బల్బు దిక్కు పోయింది.
కాయిల్ తెగిందా, ఉన్నదా,
రెండు తీగలు తాకిస్తే బల్బు చెప్తది.
దీనికి ఏడ తాకియ్యాలె?

శంకరమ్మ ఏమనలే.
చీపురు పుల్ల గుంజి
తోక పక్కన మెల్లగ పొడిచింది.
చానా సేపటికి,
నిలబడి మా కాళ్ళు తిమ్మిరెక్కినంక,
ఎనక కాలొకటి
గోరంత కదిలింది.

లైనున్నది.

వార్నీషు ఆరబెట్టే రెండొందల బల్బు
ఆ రాత్రి నుంచి టబ్బు మీద.
కరెంటు బిల్లు చూసి నేనన్న మాట
ఇక్కడ రాయను.

మూడో ఏడు, మృగశిర.
ఊరంత చేపల కోసం లైన్ల నిలబడ్డది.
వానింకా గుట్ట అవతలనే,
మాకు వాసన రాకముందే దానికొచ్చింది.
పడమటి దిక్కు టబ్బు గోడను
గీకుడే గీకుడు.
తిండి ముట్టదు.
రాత్రంత ప్లాస్టిక్కు మీద గోర్ల సప్పుడు,
మాకు నిద్రలేదు.
మూడో నాడు టబ్బు ఖాళీ.

లతీఫ్ కొత్త ఇంటి ఇసుక కుప్ప కాడ దొరికింది.
నన్ను చూసి గూడ చూడనట్టు
ఎనక కాళ్ళతోటి గుంత తీస్తున్నది.
ఒకసారి కుడి,
ఒకసారి ఎడమ,
సుతారి కొలిచినట్టు.
ఆరు గుడ్లు. తెల్లగ, పొడుగ్గ.

మూడేండ్ల సంది వీడు, వీడు అంటిని!
శంకరమ్మ ముందుగాల నవ్వింది.
తర్వాత నవ్వు ఆపి
అది కప్పంగ మిగిలిన ఇసుకను
చేతి ఎనక పక్కతోటి సదిరింది.
"జత లేని గుడ్లు, పిల్లలు కావు" అన్న.
"నాకు తెల్వదా" అన్నది.
తెలిసీ చుట్టూ తడిక పెట్టింది,
కుక్కలు రాకుండ.
లతీఫ్ సుతారికి చెప్పి
అరవై దినాలు ఆ మూల ఇసుక ముట్టనియ్యలే.
పార ఎటు పోయిందో ఎవరడగలే.

మల్ల చలి మొదలైంది.
నిన్న రొయ్యను చూసి మొఖం తిప్పుకుంది.
ఇది దాని పద్ధతే, నాకు తెలుసు,
ఈసారి గాబరా పడనని
శంకరమ్మకు గట్టిగ చెప్పిన.
బల్బుకు పట్టిన దుమ్ము తుడిచిన.
ఎందుకన్న మంచిదని
చీపురుల పుల్లొకటి గుంజి
జేబుల పెట్టుకున్న.